పెరట్లో విరగకాసిన పండ్లు ఫుడ్‌బ్యాంకుకు చేరాలంటే

బాగా పెరిగిన పాత ఆపిల్ చెట్టు కాపు బాగున్న ఏడాది వంద కిలోలు దాటి కాస్తుంది. పెద్ద నారింజ చెట్టూ అంతే. ఒక ఇంట్లో నలుగురుంటే ఎంత తింటారు? ఇరుగుపొరుగుకి పంచుతారు, జామ్ చేస్తారు, ఆఫీసుకు సంచుల్లో మోసుకెళ్తారు. అయినా చెట్టు మీద సగం అలాగే ఉంటుంది. ఇంకో రెండు వారాలకి అవన్నీ రాలి, కుళ్ళి, కందిరీగలు ముసురుతాయి. సరిగ్గా అదే రోజుల్లో, అక్కడికి ఎంతో దూరం లేని ఫుడ్‌బ్యాంకులో, అంటే అవసరమున్నవాళ్ళకి ఉచితంగా సరుకులిచ్చే చోట, వరుసలో నిలబడ్డ కుటుంబానికి ఇచ్చే సంచిలో డబ్బా సరుకులు, ధాన్యం, పప్పులు ఉంటాయి. తాజా పండు మాత్రం ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు. ఆ చెట్టుకీ ఈ సంచికీ మధ్య అడ్డం ఏమీ లేదు, నాలుగు గంటల మనిషి పని తప్ప. కొన్నేళ్ళుగా నేను ఆ పనే చేస్తున్నాను. కొత్తగా చేద్దామనుకునేవాళ్ళ కోసం, ఎలా చేస్తే కోసిన ప్రతి కాయా ఎవరో ఒకరి నోటికి చేరుతుందో ఇక్కడ రాస్తున్నాను.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. మొట్టమొదటి ఫుడ్‌బ్యాంకుగా అందరూ చెప్పే సెయింట్ మేరీస్ ఫుడ్‌బ్యాంక్ 1967లో అమెరికాలోని ఫీనిక్స్‌లో మొదలైంది. దాన్ని పెట్టిన జాన్ వాన్ హెంగెల్ అంతకుముందు పేదలకు అన్నం పెట్టే ఒక భోజనశాలలో వాలంటీరు. ఊళ్ళో చెట్ల మీద మిగిలిపోయిన నారింజలు, నిమ్మలు కోసుకొచ్చి ఆ వంటింటికి ఇచ్చేవాడు. అంటే ఫుడ్‌బ్యాంకు అన్నది పుట్టడంలోనే పెరటి పండుకి చోటుంది. ఇప్పుడు చాలా నగరాల్లో ఈ పని కోసమే సంస్థలున్నాయి. టొరంటోలో 2008లో మొదలైన నాట్ ఫార్ ఫ్రమ్ ద ట్రీ, లాస్ ఏంజెలెస్‌లో 2009లో మొదలైన ఫుడ్ ఫార్వర్డ్ అలాంటివే. మీ దగ్గర అలాంటిది ఉంటే ముందు వాళ్ళతో కలిసి ఒక సీజన్ పని చేయండి. నిచ్చెనలు, క్రేట్లు, అనుమతి పత్రాలు అన్నీ వాళ్ళ దగ్గర సిద్ధంగా ఉంటాయి. లేకపోతే ఐదారుగురు కలిసి మీరే మొదలుపెట్టవచ్చు.

ఎవరైనా ముందు చెట్టు వెతుకుతారు, కాయలు కోస్తారు, ఆ తర్వాత ఎక్కడ ఇవ్వాలా అని ఫోన్లు చేస్తారు. దయచేసి అలా చేయకండి. ఈ పనిని చివరి నుంచి మొదలుపెట్టాలి. పండు తినే మనిషి ఎవరో, ఆ మనిషి చేతికి అది ఏ రోజు అందుతుందో తెలిశాకే చెట్టు దగ్గరికి వెళ్ళాలి.

ముందు ఫుడ్‌బ్యాంకుతో మాట్లాడండి

ఫుడ్‌బ్యాంకు అని మనం పిలిచేవాటిలో రెండు రకాలున్నాయి. ఒకటి పెద్ద గోడౌన్. అక్కడికి లారీల్లో సరుకు వస్తుంది, అక్కడి నుంచి చిన్న చిన్న పంపిణీ కేంద్రాలకు వెళ్తుంది. రెండోది ఆ చిన్న కేంద్రమే. వారంలో ఒకటి రెండు రోజులు తెరిచి, కుటుంబాలకు నేరుగా సంచులు ఇస్తుంది. వీటికి తోడు రోజూ వంట చేసి పెట్టే భోజనశాలలు, ఆశ్రయ కేంద్రాలు కూడా ఉంటాయి. ఆపిల్, నారింజ, నిమ్మ లాంటి గట్టి కాయలు గోడౌన్‌కి వెళ్ళినా తట్టుకుంటాయి. అంజీర, ప్లమ్, ఆప్రికాట్ అలా కాదు. అవి గోడౌన్ చేరి, అక్కడ ఒకరోజు ఆగి, మళ్ళీ బండెక్కి, ఎవరింటికో చేరేసరికి రసం కారుతుంటాయి. మెత్తటి పండ్లు నేరుగా చిన్న కేంద్రానికో భోజనశాలకో, అదే రోజు వెళ్ళాలి.

ఫోన్ చేసినప్పుడు అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఇళ్ళల్లో కాసిన పండ్లు అసలు తీసుకుంటారా? ఏ రోజు, ఏ వేళలో? అక్కడ ఎవరుంటారు, వాళ్ళ ఫోన్ నంబరేంటి? కోల్డ్ రూమ్ ఉందా? పంపిణీ ఏ రోజు? ఎన్ని కుటుంబాలు వస్తాయి? ఈ చివరి ప్రశ్నని చాలామంది వదిలేస్తారు, నా దృష్టిలో అన్నింటికంటే ముఖ్యమైనది అదే. నలభై కుటుంబాలు వచ్చే చోటికి వంద కిలోల నిమ్మకాయలు తీసుకెళ్తే వాళ్ళేం చేస్తారు? ఇంటికి అరడజను ఇచ్చినా పెట్టెలు పెట్టెలు మిగులుతాయి. కాదనలేక తీసుకుంటారు, వారం తర్వాత పారేస్తారు, చెత్త తీయించే ఖర్చు కూడా వాళ్ళ మీదే పడుతుంది. ఆ పండు చెట్టు కింద కుళ్ళడానికీ వాళ్ళ గదిలో కుళ్ళడానికీ తేడా ఏముంది? అందుకే ఒక పెద్ద చెట్టుకి రెండు మూడు చోట్లు ముందే మాట్లాడి పెట్టుకోండి. ఎవరు ఎంత తీసుకోగలరో కిలోల్లో రాసుకోండి.

కోత రోజుని పంపిణీ రోజుని బట్టి నిర్ణయించండి. శనివారం పంపిణీ ఉంటే శుక్రవారం సాయంత్రం కోయడం మంచిది. మనకి ఆదివారం తీరిక కదా అని ఆదివారం కోస్తే ఆ పండు ఆరు రోజులు ఎక్కడో కూర్చోవాలి.

నారింజ జాతికి చెందిన గ్రేప్‌ఫ్రూట్ సంగతి విడిగా చెప్పాలి. పెరటి చెట్లలో ఇది విపరీతంగా మిగిలిపోయే పండు. కానీ కొలెస్ట్రాల్‌కి వాడే కొన్ని మందులతో, బీపీకి వాడే కొన్ని మందులతో దీనికి పడదు. కొన్ని మందుల్ని శరీరం విరగ్గొట్టే తీరుని ఈ పండు అడ్డుకుంటుంది, దాంతో ఒంట్లో మందు మోతాదు పెరిగిపోతుంది. పంపరపనసకీ ఆ గుణం ఉంది. పంపిణీ కేంద్రాలకి వచ్చేవాళ్ళలో మందులు వాడే పెద్దవాళ్ళు చాలామంది ఉంటారు. కాబట్టి గ్రేప్‌ఫ్రూట్‌ని నారింజలతో ఎప్పుడూ కలపకండి. పెట్టె మీద పెద్ద అక్షరాలతో పేరు రాసి, 'మందులు వాడేవారు డాక్టరుని అడిగి తినండి' అని ఒక కాగితం అంటించండి. పెట్టె అప్పగించేటప్పుడు నోటితో కూడా చెప్పండి.

చెట్టు ఉన్న ఇంటివాళ్ళు

రోడ్డు మీద నడుస్తుంటే ఏ ఇంట్లో ఏ చెట్టుందో, ఏది కోసేవాళ్ళు లేక రాలిపోతోందో కనిపిస్తూనే ఉంటుంది. తలుపు కొట్టి అడగడానికి మొహమాటంగా ఉంటే చిన్న ఉత్తరం రాసి పెట్టెలో వేయండి. అందులో మీ పేరు, ఫోన్ నంబరు, పండ్లు ఏ ఫుడ్‌బ్యాంకుకి వెళ్తాయో తప్పకుండా రాయండి. ఆ మూడోది ఉంటేనే మనుషులు నమ్ముతారు. చాలామంది ఇంటివాళ్ళు, ముఖ్యంగా వయసు పైబడినవాళ్ళు, ఎవరైనా అడిగితే బాగుండునని ఎదురుచూస్తుంటారు. కళ్ళ ముందు పండు వృథా అవుతుంటే వాళ్ళకీ మనసు ఒప్పదు, నిచ్చెన ఎక్కే ఓపిక ఉండదు.

వాళ్ళ భయాలు వాళ్ళకుంటాయి. ఒక పెద్దావిడ గేటు తీస్తూనే, "కాయలన్నీ పట్టుకుపో అమ్మా, కొమ్మలు మాత్రం విరిచారంటే ఊరుకోను" అంది. "విరవం పెద్దమ్మా, అందని కాయ అక్కడే వదిలేస్తాం, మీరు కుర్చీ వేసుకుని కూర్చుని చూడండి" అన్నాను. నిజంగానే కుర్చీ వేసుకుని కూర్చుంది. కాసేపటికి ఏ కొమ్మ మీద కాయ తియ్యగా ఉంటుందో ఆవిడే చూపించడం మొదలుపెట్టింది. ఇంటివాళ్ళు దగ్గరుంటే మంచిదే, ఆ చెట్టు గురించి వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు.

రెండో భయం, ఎవరైనా నిచ్చెన మీద నుంచి పడితే కేసు మన మీదకొస్తుందా అని. అమెరికాలో 1996లో వచ్చిన బిల్ ఎమర్సన్ గుడ్ సమారిటన్ చట్టం దీనికి సమాధానం చెప్తుంది. మంచి మనసుతో ఇచ్చిన ఆహారం వల్ల ఇబ్బంది వస్తే ఇచ్చినవాళ్ళకి రక్షణ ఉంటుంది. తమ స్థలంలో దానం కోసం పండ్లు కోసుకోనిచ్చిన యజమానికి కూడా, కోసేవాళ్ళకి దెబ్బ తగిలినప్పుడు ఆ రక్షణ ఉంటుంది. దారుణమైన నిర్లక్ష్యం, తెలిసి చేసిన తప్పు మాత్రం ఆ రక్షణలోకి రావు. వేరే దేశాల్లో నియమాలు వేరు కాబట్టి మీ ఫుడ్‌బ్యాంకుని అడిగి తెలుసుకోండి. ఏ దేశమైనా సరే, ఒక పేజీ అనుమతి పత్రం మీద సంతకం తీసుకోండి. ఎప్పుడు వస్తాం, ఎంతమంది వస్తాం, ఏ చెట్టు కోస్తాం, ఎవరికి ఎంత వాటా అన్నవి అందులో ఉంటే చాలు. అద్దె ఇల్లయితే ఇంటి యజమాని అనుమతి కూడా కావాలి.

వాటా ముందే తేల్చుకోవాలి. టొరంటో సంస్థ పద్ధతిలో మూడు భాగాలు వేస్తారు: ఒకటి ఇంటివాళ్ళకి, ఒకటి కోసినవాళ్ళకి, ఒకటి దానానికి. మా బృందంలో ఇంటివాళ్ళు అడిగినంత వాళ్ళకి ముందు తీసి, కోసినవాళ్ళు చిన్న సంచి పట్టుకెళ్ళి, మిగిలినదంతా పంపేస్తాం. ఏ పద్ధతైనా పరవాలేదు, కోత అయిపోయాక చెట్టు కింద నిలబడి దాని గురించి మాట్లాడుకోవడం మాత్రం బాగుండదు.

అసలు అడగాల్సిన ప్రశ్న మందు గురించి. ఈ సీజన్లో చెట్టుకి ఏమైనా కొట్టారా? ఏ మందు, ఏ తేదీన? చెట్టు మొదలులో, వేళ్ళ దగ్గర ఏమైనా పోశారా? సీసా ఉంటే చూపించమనండి. కొట్టిన ఎన్ని రోజులకి కాయ కోయవచ్చో దాని లేబుల్ మీద ఉంటుంది. ఆ గడువు కాకపోయినా, ఆ మందు తినే పండు చెట్లకి వాడేది కాకపోయినా, ఏం కొట్టారో ఎవరికీ గుర్తు లేకపోయినా ఆ చెట్టు వదిలేయండి. ఇందులో మొహమాటం పనికిరాదు. ఆ పండు తినే పసివాడి తల్లికి ఈ ప్రశ్న అడిగే అవకాశం ఉండదు, ఆమె తరఫున మనమే అడగాలి.

మీ ప్రాంతంలో పండు ఈగ లాంటి పురుగు కోసం క్వారంటైన్ ఉందేమో కూడా వ్యవసాయ శాఖ సమాచారంలో చూసుకోండి. క్వారంటైన్ ఉంటే పెరటి పండుని ఆ ఇల్లు దాటించకూడదు, దానానికైనా సరే. 2024 ఆరంభంలో కాలిఫోర్నియాలోని రెడ్‌ల్యాండ్స్‌లో ఓరియంటల్ ఫ్రూట్ ఫ్లై అనే పండు ఈగ వ్యాపించినప్పుడు ప్రభుత్వమే దాదాపు రెండు వేల ఇళ్ళ చెట్ల మీది పండ్లు తీయించేసింది. నిమ్మజాతి చెట్లకు వచ్చే గ్రీనింగ్ తెగులు ఉన్నచోట ఆకులతో, రెమ్మలతో కాయని కదిలించడమూ తప్పే. ఆకు ఉంటే పెట్టె అందంగా కనిపిస్తుంది, అయినా తీసేయాలి.

కోతకి రెండు మూడు రోజుల ముందు ఒకసారి వెళ్ళి చెట్టు చూసి రండి. ఒక కాయ కోసి తినండి. కరెంటు తీగలు, కుక్క, కందిరీగల తుట్టె, వాలు నేల, బండి ఎక్కడ ఆపాలి, అన్నీ అప్పుడే చూసుకోవాలి.

ఏ కాయ ఎప్పుడు, ఎలా

పండ్లలో రెండు జాతులున్నాయని గుర్తుపెట్టుకుంటే సగం పని వచ్చినట్టే. కొన్ని కోశాక కూడా మగ్గుతాయి: ఆపిల్, పియర్, మామిడి, జామ, ప్లమ్, అవకాడో. కొన్ని కోసినప్పుడు ఎలా ఉన్నాయో అలాగే ఉంటాయి: నారింజ, బత్తాయి, నిమ్మ, గ్రేప్‌ఫ్రూట్, దానిమ్మ, చెర్రీ, ద్రాక్ష. పుల్లటి నారింజ కోసి వారం దాచినా తీపెక్కదు. కాబట్టి రెండో జాతిని రుచి చూసే కోయాలి.

నారింజ జాతికి రంగుని నమ్మకండి. పైన పచ్చగా ఉన్నా లోపల తియ్యగా ఉండొచ్చు. కాయ బరువుగా అనిపించాలి, ఒకటి కోసి తింటే సంగతి తెలుస్తుంది. ఈ చెట్ల గొప్ప సుగుణం ఏమిటంటే కాయ పండాక కూడా వారాల తరబడి కొమ్మ మీదే నిలవుంటుంది. అందుకని ఫుడ్‌బ్యాంకుకి వీలైన రోజు చూసి నిదానంగా కోసుకోవచ్చు. మంచు ఆరాక, ఎండ కాస్త పడ్డాక కోయండి. తడి మీద కోస్తే తొక్కలోని నూనె చిట్లి మచ్చలు పడతాయి, బూజు తొందరగా పడుతుంది. పట్టుకుని లాగితే ముచ్చిక దగ్గర తొక్క ఊడి చిన్న గుంట పడుతుంది. బయటికి ఏమీ కాలేదనిపిస్తుంది, రెండు రోజులకి ఆ గుంటలోనుంచే పచ్చ బూజు మొదలై పక్క కాయలకి పాకుతుంది. అందుకని కత్తెరతో కోయాలి, అదీ రెండు సార్లు. మొదటి గాటు కాయకి కాస్త ఎడంగా పెట్టి కొమ్మ నుంచి విడదీయండి. కాయ చేతిలోకి వచ్చాక తిప్పి, మిగిలిన తొడిమని తొక్కకి సమంగా మళ్ళీ కత్తిరించండి. ముచ్చిక మాత్రం కాయకే ఉండాలి. ఇలా ఎందుకంటే, ఆ తొడిమ మేకులా పొడుచుకొని ఉంటే పెట్టెలో పక్క కాయకి గుచ్చుకుంటుంది. రెండో గాటు అలవాటైతే వేగం తగ్గదు.

పియర్ సంగతి దీనికి పూర్తిగా వ్యతిరేకం. చెట్టు మీద పండనిస్తే అది లోపలి నుంచి మొదలై మెత్తబడుతుంది. పైకి బాగానే ఉంటుంది, కోస్తే నడుమ గోధుమరంగు పిండి. అందుకని గట్టిగా ఉండగానే కోయాలి. ఎప్పుడు కోయాలో కాయే చెప్తుంది. వేలాడుతున్న కాయని అరచేతిలో పట్టుకుని, తొడిమ మీద బొటనవేలు ఆనించి, నిదానంగా పైకి లేపి అడ్డంగా తిప్పండి. తొడిమ రెమ్మ నుంచి టక్కున విడిపోతే అది సిద్ధంగా ఉన్నట్టు. విడిపోకపోతే ఇంకో వారం ఆగాలి. బలవంతంగా మెలిపెట్టకండి. గుండ్రంగా, కరకరలాడే ఆసియా పియర్లకి ఈ లెక్క వర్తించదు. అవి చెట్టు మీదే పండి, కోయగానే తినేలా ఉంటాయి. గట్టి పియర్లు ఇచ్చేటప్పుడు 'కొన్ని రోజులు బయట పెట్టి, తొడిమ దగ్గర నొక్కితే మెత్తగా తగిలినప్పుడు తినండి' అని రాసి పెట్టాలి. ఆ ముక్క రాయకపోతే తీసుకున్నవాళ్ళు పచ్చిదేదో ఇచ్చారనుకుని పక్కన పడేస్తారు.

ఆపిల్ ఒకటి కోసి చూడండి. గింజలు గోధుమరంగులోకి తిరిగి, రుచిలో పిండితనం పోతే కోతకి వచ్చినట్టు. కాయని కాస్త పైకెత్తి మెలితిప్పితే వస్తుంది. కిందికి లాగితే కాయతోపాటు పొట్టి రెమ్మ ఊడుతుంది, వచ్చే ఏడు పూత వచ్చేది ఆ రెమ్మకే. ఎండ తగిలే పై కొమ్మలు ముందు పండుతాయి కాబట్టి పెద్ద చెట్టుకి రెండు విడతలు పెట్టుకోవడం మేలు.

మామిడి కోసేటప్పుడు వేలెడు తొడిమ ఉంచి కోయాలి. తొడిమ విరిగితే చిమ్మే సొన చర్మం మీద పడితే పొక్కుతుంది, కాయ మీద పడితే నల్లటి చార పడుతుంది. తర్వాత తొడిమ తీసి కాయల్ని ముచ్చిక కిందికి వచ్చేలా బోర్లించి సొన కారనివ్వండి. చేతికి తొడుగులు, పొడుగు చేతుల చొక్కా, కళ్ళద్దాలు ఉండాలి. అంజీర పాలు కూడా చర్మాన్ని మండిస్తాయి. అంజీర పూర్తిగా పండి మెడ వాలాకే కోయాలి, ఆ రోజే ఇచ్చేయాలి. పెర్సిమన్, దానిమ్మ, అవకాడో మూడింటినీ కత్తెరతోనే కోయండి.

నిచ్చెన, దోటి

ఇంట్లో వాడే నాలుగు కాళ్ళ నిచ్చెన మెత్తటి నేలలో ఒక కాలు దిగబడి ఒరిగిపోతుంది. తోటల్లో వాడే మూడు కాళ్ళ నిచ్చెన ఎగుడుదిగుడు నేల మీద బాగా నిలబడుతుంది, డబ్బు పెట్టదలిస్తే ముందు దాని మీద పెట్టండి. మూడో కాలుకి ఉన్న గొలుసు పూర్తిగా సాగేలా తెరవాలి. వాలు నేల మీద ఆ మూడో కాలు ఎగువ వైపు ఉండాలి. పైనున్న రెండు మెట్ల మీద ఎవరూ నిలబడకూడదు. పక్కకి వంగి అందుకోవడం కంటే దిగి నిచ్చెన జరపడం మంచిది. నిచ్చెన మీద ఒకరుంటే కింద ఒకరు ఉండాలి. చెట్టు ఎక్కడం మా దగ్గర అసలు లేదు, ఎంత అలవాటున్నవాళ్ళయినా సరే.

చిక్కం కట్టిన దోటితో చాలావరకు నేల మీద నుంచే పని అవుతుంది. చిక్కంలో రెండు మూడు కాయలు పడగానే దించేయండి, నిండా వేస్తే ఒకదానికొకటి కొట్టుకుంటాయి. కరెంటు తీగలు ఉన్నచోట దోటి, నిచ్చెన ఏదైనా కనీసం 3 మీటర్ల దూరంలో ఉండాలి. అల్యూమినియం దోటి అయితే మరీ ప్రమాదం. తీగల దగ్గరున్న కాయలు పక్షులకి. చెట్టుని ఊపి కాయలు రాల్చడం తినే పండుకి పనికిరాదు, దెబ్బ తగిలిన ప్రతి కాయా దారిలోనే పాడవుతుంది.

ఒక చెట్టుకి ఐదారుగురు సరిపోతారు. ఇద్దరు నిచ్చెన దగ్గర, ఇద్దరు దోటితో, మిగిలినవాళ్ళు ఏరే బల్ల దగ్గర. పిల్లలు వస్తే వాళ్ళని ఆ బల్ల దగ్గరే ఉంచండి. వాళ్ళ కళ్ళు చురుగ్గా ఉంటాయి, మచ్చ ఉన్న కాయ ఒక్కటి కూడా దాటనివ్వరు.

ఏరడం

ఫుడ్‌బ్యాంకులో సరుకు దించుకునే మనిషి పనితీరు గమనిస్తే చాలా తెలుస్తుంది. పై వరుస ఆవిడ చూడదు. చెయ్యి క్రేటు అడుగుకి పోనిచ్చి అక్కడి కాయ ఒకటి పైకి తీస్తుంది. దాన్ని వేళ్ళతో తిప్పి, ముచ్చిక దగ్గర నొక్కి, వాసన చూసి, తర్వాత తలూపుతుంది. అడుగున తడి తగిలితే ఆ క్రేటు మొత్తం పక్కకి వెళ్తుంది. మనం ఏరేటప్పుడు ఆ చెయ్యిని గుర్తుంచుకోవాలి.

నేల మీద రాలిన కాయ దానానికి వద్దు. ఎంత బాగున్నా, అప్పుడే పడినా వద్దు. నేల మీద జంతువుల పెంట నుంచి ఈ.కోలై లాంటి జబ్బు చేసే బ్యాక్టీరియా అంటుకోవచ్చు. 1996లో అమెరికాలో ఆ ఈ.కోలై చేరిన, పాశ్చరైజ్ చేయని (అంటే వేడి చేసి క్రిముల్ని చంపని) ఆపిల్ రసం తాగి ఎంతోమంది జబ్బుపడ్డారు, ఒక పసిపాప చనిపోయింది. పైగా దెబ్బ తగిలిన ఆపిల్ మీద పెరిగే ఒక బూజు ప్యాటులిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది, ఉడకబెట్టినా అది పూర్తిగా పోదు. అందుకని జామ్‌కైనా వాడుకోవచ్చు కదా అన్న మాట కూడా ఇక్కడ చెల్లదు. కోత మొదలుపెట్టే ముందే రాలిన కాయలన్నీ ఊడ్చి కంపోస్టులో వేయండి. నేల శుభ్రంగా ఉంటే పొరపాటున కలిసే అవకాశం ఉండదు, కాళ్ళు జారవు, కందిరీగలు కూడా తగ్గుతాయి.

మిగిలినవాటిని మూడుగా వేరు చేస్తాం. చర్మం ఎక్కడా చిట్లకుండా గట్టిగా ఉన్నవి దానానికి. పక్షి పొడిచినవి, చిన్న పగులున్నవి కోసినవాళ్ళు ఇంటికి తీసుకెళ్ళి ఆ రోజే వాడుకోవడానికి. పురుగు పట్టినవి, కుళ్ళినవి కంపోస్టుకి. చర్మం మీద గరుకు మచ్చ, వంకర ఆకారం, చిన్న సైజు లోపాలు కావు, అవి దానానికి వెళ్ళొచ్చు. ఏ పెట్టెలో వేయాలో అనుమానం వస్తే, నేను ఆ కాయని మా పిల్లల చేతిలో కడిగి పెడతానా అని చూసుకుంటాను. పెట్టనంటే వేరేవాళ్ళ పిల్లలకీ పంపను. ఉచితంగా తీసుకుంటున్నారు కదా అని రెండో రకం పంపడం నాకు చాలా తప్పనిపిస్తుంది. వరుసలో నిలబడి సంచి తీసుకోవడమే వాళ్ళకి కష్టం, ఇంటికెళ్ళి తెరిస్తే అందులో పండు చక్కగా ఉండాలి.

కడగకండి. తడి ఉంటే బూజు పడుతుంది. మట్టి ఉంటే పొడి గుడ్డతో తుడిస్తే చాలు, తినేవాళ్ళు ఇంట్లో కడుక్కుంటారు. లోతు తక్కువ క్రేట్లు వాడండి. ఆపిల్, నారింజ నాలుగైదు వరుసలు తట్టుకుంటాయి, ప్లమ్ రెండు వరుసలు దాటితే అడుగువి నలుగుతాయి, అంజీర ఒకే వరుస. ఒక మనిషి నడుం పట్టకుండా ఎత్తగలిగినంతే నింపండి. అక్కడ దించుకునేవాళ్ళలోనూ పెద్దవాళ్ళుంటారు. ఆపిల్ నుంచి వచ్చే ఇథిలీన్ వాయువు పక్కనున్న పండ్లని తొందరగా మగ్గిస్తుంది కాబట్టి ఆపిల్ క్రేట్లు దూరంగా పెట్టాలి. నింపిన ప్రతి క్రేటూ నీడలోకి వెళ్ళాలి. ఎండలో ఆపిన కారు డిక్కీలో గంటసేపు ఉంటే పొద్దున్నించి పడ్డ శ్రమంతా పోతుంది.

ప్రతి పెట్టె మీద పండు పేరు, కోసిన తేదీ, బరువు రాయండి. మామూలు తూకం మిషన్ చాలు. ఆ బరువు రెండు చోట్ల పనికొస్తుంది. ఫుడ్‌బ్యాంకు వాళ్ళకి లెక్క కావాలి. చెట్టున్న ఇంటివాళ్ళకి కబురు కావాలి. అదే రోజు సాయంత్రం ఫోన్ చేసి, మీ చెట్టు ఇన్ని కిలోలు ఇచ్చింది, రేపు పొద్దున్న ఫలానా చోట పంచుతారు అని చెప్పండి. వచ్చే ఏడు వాళ్ళే ముందుగా పిలుస్తారు. వారం తర్వాత ఫుడ్‌బ్యాంకుకి కూడా ఫోన్ చేయండి. ఏమైనా మిగిలాయా, ఏవి ముందు అయిపోయాయి, ఏ పండు వద్దన్నారు అని అడిగి రాసుకోండి. మా దగ్గర నిమ్మ కోటా తగ్గించి చిన్న నారింజలు పెంచింది ఆ జవాబుల వల్లే. తొక్క చేత్తో ఒలుచుకోగలిగే పండు పిల్లలు అక్కడికక్కడే తినేస్తారు.

ఇక సీజన్ అయిపోయాక ఆ చెట్టుకి మనం చేయగలిగింది ఇంకొకటి ఉంది. చాలా పెరటి ఆపిల్ చెట్లు ఒక ఏడు విరగకాసి, మరుసటి ఏడు దాదాపు ఏమీ కాయవు. విరగకాసిన ఏడాది కాయ చిన్నదిగా ఉంటుంది, బరువుకి కొమ్మలు కూడా విరుగుతాయి. పూత రాలి పిందెలు గోలీ కాయంత అయినప్పుడు ఇంటివాళ్ళని అడిగి ఒక గంట వెళ్ళండి. ప్రతి గుత్తిలో ఒక మంచి పిందె ఉంచి మిగతావి గిల్లేయండి. ఉంచిన పిందెల మధ్య జానెడు ఎడం చూసుకోండి. పురుగు తొలిచినవి, వంకరవి ముందు తీయాలి. కింది కొమ్మలకి చేస్తే చాలు, నిచ్చెన అక్కర్లేదు. అప్పుడే ఆ ఏడు కాపు ఎంతుంటుందో కూడా ఒక అంచనా వస్తుంది. ఆ అంచనా రాసుకుని ఫుడ్‌బ్యాంకుకి ఫోన్ చేసి, ఏ వారంలో ఎన్ని కిలోలు రావచ్చో ముందే చెప్పి పెట్టండి.